ఓపెన్ మేయర్ ఎన్నికను క్లాసులో నడపాలంటే: షికాగో పద్ధతా, న్యూయార్క్ పద్ధతా?

బీచ్‌రోడ్డు_పాలిటీ:
అందరికీ నమస్తే. విశాఖలో డిగ్రీ రాజనీతిశాస్త్రం పిల్లల చేత ఒక నమూనా ఎన్నిక చేయిద్దామని ఆలోచన. మన జీవీఎంసీ మేయర్‌ని కార్పొరేటర్లు ఎన్నుకోవడం వాళ్లకి తెలుసు. కాబట్టి ఈసారి అమెరికాలో పెద్ద నగరం, అందులోనూ పదవిలో ఉన్న మేయర్ మళ్లీ నిలబడని ఎన్నిక (దీన్నే ఓపెన్ ఎన్నిక అంటారు) తీసుకుందాం అనుకుంటున్నాం. ఓటర్లు 180 మంది, అభ్యర్థులు ఐదారుగురు. చేతిలో ఉన్నది రెండు వారాలు, పోలింగ్ రోజున రెండు పీరియడ్లు. ఈవీఎం లేదు, కాగితం బ్యాలెట్లే.

ఏ నగరం నమూనా తీసుకోవాలి? నామినేషన్ అంటే సంతకాలు పోగుచెయ్యడం అని చదివాను, 180 మందిలో అది ఎలా కుదించాలి? లెక్కింపు ఎక్కడ తేడా కొడుతుంది? ఉపన్యాసాల సంగతి పిల్లలే చూసుకుంటారు. నాకు కావలసింది నిబంధనలు.

వార్డు_మెంబరు:
మాస్టారూ, షికాగో 2019 తీసుకోండి. కుర్చీ ఖాళీ అయితే ఏమవుతుందో అంత శుభ్రంగా చూపించే ఎన్నిక ఇంకోటి దొరకదు.

2018 ఆగస్టు 28న సంతకాల సేకరణ మొదలైంది. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 4న, మేయర్ రామ్ ఇమాన్యుయెల్ మళ్లీ పోటీ చెయ్యనని ప్రకటించాడు. ఆయన తప్పుకున్నాకే టోనీ ప్రెక్‌వింకిల్, బిల్ డేలీ లాంటి పెద్ద పేర్లు బరిలోకి దిగాయి. చివరికి 21 మంది పత్రాలు వేస్తే బ్యాలెట్ మీద 14 మంది మిగిలారు. 2019 ఫిబ్రవరి 26న మొదటి విడతలో లోరీ లైట్‌ఫుట్‌కి 17.5 శాతం, ప్రెక్‌వింకిల్‌కి 16 శాతం, డేలీకి 15 శాతానికి కాస్త తక్కువ వచ్చింది. సగం దాటినవాళ్లు లేరు గనక మొదటి ఇద్దరూ ఏప్రిల్ 2న రెండో విడతకి వెళ్లారు. అక్కడ లైట్‌ఫుట్ 74 శాతం దరిదాపు ఓట్లతో 50 వార్డులూ గెలిచింది.

ఇందులో పిల్లలకి చూపించాల్సింది ఒకటే: ఓపెన్ ఎన్నికలో అసలు యుద్ధం రెండో స్థానం కోసం. రెండుకీ మూడుకీ తేడా సుమారు 7 వేల ఓట్లు. ఆ కాస్తా అటైతే రెండో విడత బరి వేరు, మాట్లాడే విషయాలూ వేరు. పదవిలో ఉన్నవాడు పోటీలో ఉంటే ఓటరు ముందు ప్రశ్న సులువు: ఈయన్ని ఉంచాలా, దించాలా. ఆయన లేకపోతే ఆ ప్రశ్నే ఉండదు. ఇక అభ్యర్థి పోరాడేది తనలాగే ఉన్న పక్కవాడితోనే, ఎందుకంటే ఇద్దరికీ ఓటు వేసేవాళ్లు ఒకే బాపతు.

షికాగోలో 1999 నుంచి మేయర్ బ్యాలెట్ మీద పార్టీ పేరు లేదు. గుర్తులూ ఉండవు. మీ బ్యాలెట్ మీద కూడా పేర్లు మాత్రమే పెట్టండి. చెయ్యి, సైకిల్, ఫ్యాను, గాజు గ్లాసు చూసి గుద్దే అలవాటున్న మన పిల్లలు ఒట్టి పేర్ల జాబితా చూసి ఎంత తికమకపడతారో అదే ఒక పాఠం.

ఫిలడెల్ఫియా జోలికి పోకండి. అక్కడ డెమోక్రటిక్ ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) గెలిస్తే దాదాపు మేయర్ అయినట్టే, పైగా రెండో విడత లేదు. 2023లో షెరెల్ పార్కర్ మూడో వంతు ఓట్లతోనే ప్రైమరీ గెలిచేసింది. ఒక్క నిబంధన మాత్రం అక్కడి నుంచి అరువు తెచ్చుకోవచ్చు: నగర పదవిలో ఉంటూ ఇంకో పదవికి పోటీ చెయ్యాలంటే ముందు రాజీనామా ఇవ్వాలి. ఆ ఎన్నిక కోసం కౌన్సిల్ సభ్యులు చాలామంది సీట్లు వదులుకున్నారు. మీ క్లాస్ రిప్రజెంటేటివ్ పోటీ చేస్తానంటే ఆ పదవి ముందు వదలమనండి, అప్పుడు తెలుస్తుంది ఎంతమందికి నిజంగా ఆసక్తి ఉందో.

పూర్ణామార్కెట్_మాస్టారు:
సంతకాల భాగం నేను చెప్తా. చాలామంది దీన్ని లాంఛనం అనుకుంటారు, కానీ షికాగోలో ఎన్నిక సగం ఇక్కడే తేలిపోతుంది.

మేయర్‌కి 12,500 చెల్లే సంతకాలు కావాలి. గడువు 90 రోజులు. కాస్త తెలిసిన అభ్యర్థి ఎవరూ 12,500 దగ్గర ఆగరు, రెండింతలు మూడింతలు తెస్తారు. ఎందుకంటే దాఖలు గడువు ముగిశాక ఐదు పనిదినాల్లో ఏ ఓటరైనా అభ్యంతరం వెయ్యొచ్చు. అప్పుడు ఎన్నికల బోర్డు మనుషులు ఒక్కో వరుసా ఓటర్ల జాబితాతో సరిచూస్తారు. సంతకాలు రాలిపోయే కారణాలు ఎప్పుడూ ఇవే:

- సంతకం చేసినాయన ఓటరు కాదు, లేదా రాసిన చిరునామాలో నమోదై లేడు (ఇల్లు మారి ఓటు మార్చుకోనివాళ్లు ఇందులో ఎక్కువ).
- ఊరి పొలిమేర దాటి శివారులో ఉంటున్నాడు.
- సంతకం బోర్డు దగ్గరున్న నమూనాతో కలవలేదు. ఒకే చేతిరాతతో వరసగా పది పేర్లుంటే మొత్తం షీటు మీదే అనుమానం.
- అదే మనిషి ఇంకో మేయర్ అభ్యర్థికి ముందే సంతకం పెట్టేశాడు. ఒక ఓటరు ఒక పదవికి ఒక్కరికే పెట్టాలి.
- షీటు తిప్పినవాడి ప్రమాణం మీద నోటరీ లేదు. ఇది జరిగితే ఒక సంతకం కాదు, షీటు షీటంతా పోతుంది.

180 మందికి ఎలా కుదించాలంటారా? నిష్పత్తి ప్రకారం లెక్కేస్తే ఒకటో రెండో సంతకాలు వస్తాయి, దానికి అర్థం లేదు. పది పెట్టండి. ఆరుగురు అభ్యర్థులైతే 60 మంది కావాలి, అంటే మూడో వంతు ఓటర్లు ఖర్చవుతారు. ఇరవై పెడితే 120 అవుతుంది, ఇద్దరు ముగ్గురు ఖాయంగా ఎగిరిపోతారు. మీకు నాటకీయత కావాలంటే పదిహేను పెట్టి, గడువు నాలుగు రోజులు ఇవ్వండి. షీటులో నాలుగు గడులు చాలు: అచ్చు అక్షరాల్లో పేరు, రోల్ నంబరు, సెక్షను, సంతకం. అడుగున తిప్పినవాడి ప్రమాణం: "ఈ సంతకాలు నా కళ్లెదుట పెట్టినవి". నోటరీ స్థానంలో ఒక లెక్చరర్ సంతకం చాలు. పేజీలకి నంబర్లు వేసి కుట్టి ఇవ్వమనండి, విడి కాగితాలు తీసుకోవద్దు.

అభ్యంతరాలకి ఒక రోజు, విచారణకి ఒక గంట. విచారణాధికారిగా ఏ అభ్యర్థికీ సంతకం పెట్టని మనిషిని కూర్చోబెట్టండి. ఆ మనిషిని సంతకాల సేకరణ మొదలవకముందే ఎంచుకోవాలి, లేకపోతే తర్వాత దొరకడు.

బ్యాలెట్ మీద వరస కూడా షికాగోలో ఒక తమాషా. దాఖలు మొదటి రోజు పొద్దున 9 గంటలకి క్యూలో ఉన్నవాళ్లందరి మధ్యా మొదటి స్థానానికి లాటరీ తీస్తారు. చివరి రోజు చివరి గంటలో వేసినవాళ్లకి ఆఖరి స్థానం కోసం లాటరీ. అందుకే సగం మంది తెల్లవారకముందే క్యూ కడతారు, కొందరు కావాలనే చివరి గంట దాకా ఆగుతారు. అభ్యర్థులు ఐదారుగురే కాబట్టి మీకు దాని ప్రభావం పెద్దగా ఉండదు. అదే శాన్ ఆంటోనియోలో 2025 మేయర్ ఓపెన్ ఎన్నికకి బ్యాలెట్ మీద 27 పేర్లున్నాయి, అక్కడ పదిహేడో పేరు దాకా కన్ను వెళ్లడమే కష్టం.

ఇంకో మాట. షికాగో చట్టంలో అభ్యర్థి ఎన్నికకి ముందు కనీసం ఏడాది నగరంలో నివాసం ఉండాలి, నగరానికి పన్నుగానీ ఇతర బాకీగానీ ఉండకూడదు. మీరు లైబ్రరీ ఫైను బాకీ ఉన్నవాళ్లు అనర్హులని పెట్టొచ్చు. నివాసం మీద 2011లో పెద్ద గొడవే జరిగింది. అది కూడా ఓపెన్ ఎన్నికే, 22 ఏళ్ల తర్వాత రిచర్డ్ డేలీ తప్పుకున్నాడు. వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఇమాన్యుయెల్‌ని అప్పీలు కోర్టు బ్యాలెట్ నుంచి తీసేసింది. ఇల్లినాయ్ సుప్రీంకోర్టు మళ్లీ ఎక్కించింది. ఆ తర్వాత ఆయన మొదటి విడతలోనే 55 శాతంతో గెలిచాడు.

లెక్కింపు_టేబుల్:
పై ఇద్దరితో ఒక చోట విభేదిస్తాను. షికాగోయా న్యూయార్కా అని ఒకటి ఎంచుకోనక్కర్లేదు. ప్రాధాన్య బ్యాలెట్ వేయించండి, అవే కాగితాలు మూడు విధాల లెక్కపెట్టండి. రెండు పీరియడ్లలో మీకు ఇంతకన్నా మంచి పాఠం రాదు.

ప్రాధాన్య ఓటు మనకి కొత్త కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో 1, 2, 3 వెయ్యడం అదే. 2023లో ఉత్తరాంధ్ర స్థానం ఫలితం రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితేగానీ తేలలేదు. న్యూయార్క్‌లో తేడా ఏమిటంటే అయిదుగురికే ప్రాధాన్యం ఇవ్వగలం. 2019లో ప్రజాభిప్రాయంతో వచ్చిన ఈ పద్ధతి అక్కడ ప్రైమరీలకీ, మధ్యలో వచ్చే ప్రత్యేక ఎన్నికలకీ మాత్రమే. నవంబరు ఎన్నికలో మామూలు ఓటే. 2025లో ప్రైమరీలో జోహ్రాన్ మమ్దానీ చేతిలో ఓడిన ఆండ్రూ కువోమో నవంబరులో స్వతంత్రుడిగా మళ్లీ దిగాడు, మళ్లీ ఓడాడు.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తా. పేర్ల బదులు వస్తువులు పెడుతున్నా, సులువుగా ఉంటుందని. 180 ఓట్లు, మొదటి ప్రాధాన్యాలు: పడవ 52, గొడుగు 44, లాంతరు 38, గంట 28, నిచ్చెన 18.

ఫిలడెల్ఫియా లెక్క: ఎక్కువ వచ్చినవాడిదే. పడవ గెలిచింది, 29 శాతంతో.

షికాగో లెక్క: పడవ, గొడుగు మిగులుతాయి. మిగతా 84 కాగితాల్లో ఆ ఇద్దరిలో ఎవరు ముందున్నారో చూస్తారు. గొడుగుకి 43, పడవకి 30, ఇద్దరికీ నంబరు వెయ్యనివి 11 అనుకుందాం. గొడుగు 87, పడవ 82. గొడుగు గెలిచింది.

న్యూయార్క్ లెక్క: అట్టడుగు నుంచి ఒక్కొక్కరినే తీస్తారు.
మొదట నిచ్చెన 18 పంచుతాం: లాంతరుకి 9, గంటకి 4, గొడుగుకి 3, అయిపోయినవి (బరిలో మిగిలినవాళ్లెవరికీ నంబరు లేని కాగితాలు) 2. ఇప్పుడు పడవ 52, గొడుగు 47, లాంతరు 47, గంట 32.
తర్వాత గంట 32: లాంతరుకి 17, గొడుగుకి 8, పడవకి 4, అయిపోయినవి 3. లాంతరు 64, పడవ 56, గొడుగు 55.
ఒక్క ఓటు తేడాతో గొడుగు పోయింది. దాని 55లో లాంతరుకి 29, పడవకి 20, అయిపోయినవి 6. లాంతరు 93, పడవ 76. లాంతరు గెలిచింది.

కాగితాలు అవే, మేయర్లు ముగ్గురు. మొదటి లెక్కలో మూడో స్థానంలో ఉన్న లాంతరు ఎలా గెలిచిందో పిల్లలే చెప్పాలి: నిచ్చెనకీ గంటకీ ఓటేసినవాళ్లకి రెండో ఇష్టం అదే.

లెక్కింపులో తప్పులు ఎక్కడ వస్తాయంటే, ప్రతి రౌండు చివరా మిగిలిన అభ్యర్థుల ఓట్లు, అయిపోయిన ఓట్లు కలిపి 180 రావాలి. రాకపోతే ముందుకు వెళ్లొద్దు, అక్కడే ఆపి వెతకండి. అయిపోయిన కాగితాలకి విడిగా ఒక ట్రే పెట్టండి. నూటికి తొంభై సార్లు తేడా ఆ కాగితాలు ఇంకో కట్టలో కలిసిపోవడం వల్లే. రెండోది, గంట కట్ట పంచేటప్పుడు అందులో నిచ్చెన నుంచి వచ్చినవి నాలుగు ఉంటాయి. వాటి మీద రెండో ప్రాధాన్యం కాదు, ఇంకా బరిలో ఉన్నవాళ్లలో తర్వాతి ప్రాధాన్యం చూడాలి. నిచ్చెన 2 అని ఉన్న గంట కాగితానికీ అంతే, 3 దగ్గరికి వెళ్లాలి.

చెల్లుబాటు నియమాలు ముందే గోడకి అంటించండి. న్యూయార్క్‌లో ఒకే ప్రాధాన్యం ఇద్దరికిస్తే ఆ ప్రాధాన్యం, దాని తర్వాతవి చెల్లవు, ముందువి చెల్లుతాయి. మధ్యలో ఒక అంకె వదిలేస్తే తర్వాతిది ముందుకి జరుగుతుంది. అయిదు గడుల్లోనూ ఒకరికే వేస్తే ఒక్క ఓటే. ఎమ్మెల్సీ ఎన్నికలో లాగ టిక్కు పెట్టి పాడుచేసేవాళ్లు మీ దగ్గరా ఉంటారు. అంకెలు రాయించే బదులు అభ్యర్థుల వరసలు, ప్రాధాన్య నిలువులు గీసి గడి నింపమనండి, న్యూయార్క్ బ్యాలెట్ అలాగే ఉంటుంది.

నిజమైన ఎన్నికలో ఎంత తేడా కొట్టొచ్చో 2021 డెమోక్రటిక్ ప్రైమరీ చూపించింది. 13 మంది అభ్యర్థులు, అదీ ఓపెన్ సీటే. ఎన్నికల బోర్డు తొలి రౌండ్ల ఫలితం ప్రకటించేటప్పుడు కంప్యూటర్‌ని సరిచూడటానికి వేసిన సుమారు 1,35,000 నకిలీ బ్యాలెట్లు తీసెయ్యడం మరిచిపోయింది, ఆ ఫలితం వెనక్కి తీసుకుంది. చివరికి ఎరిక్ ఆడమ్స్ 7,197 ఓట్లతో క్యాథరిన్ గార్సియా మీద గెలిచాడు. అయిపోయిన బ్యాలెట్లు సుమారు 1,40,000. గెలుపు తేడాకి దాదాపు ఇరవై రెట్లు. మీరు రిహార్సల్ కోసం నమూనా కాగితాలు వాడితే వాటిని వేరే రంగులో అచ్చు వెయ్యండి.

బీచ్‌రోడ్డు_పాలిటీ:
మాస్టార్లందరికీ ధన్యవాదాలు. మూడు లెక్కల ఆలోచన బాగుంది. అయితే ఒక సందేహం. గెలిచిన మేయర్‌కి ఏమిటి అధికారం అని పిల్లలు కచ్చితంగా అడుగుతారు. మన మేయర్‌తో పోలిక ఎలా చెప్పాలి?

ఆశీల్‌మెట్ట_98:
అది నగరాన్ని బట్టి ఉంటుంది. "అమెరికా మేయర్" అని ఒక్క మాటతో చెప్పొద్దు.

షికాగో, న్యూయార్క్, హ్యూస్టన్ బలమైన మేయర్లు. విభాగాల అధిపతులని మేయరే నియమిస్తాడు, బడ్జెట్ తనే పెడతాడు. పోలీసు అధిపతి కూడా మేయర్ మనిషే. విశాఖలో పోలీసు కమిషనర్ రాష్ట్రం కింద, ప్లానింగులో సగం వీఎంఆర్డీఏ (ప్రాంత అభివృద్ధి సంస్థ) కింద, కరెంటు ఈపీడీసీఎల్ కింద. జీవీఎంసీలోనే కార్యనిర్వాహక అధికారం రాష్ట్రం వేసిన కమిషనర్‌ది. డాలస్, శాన్ ఆంటోనియో మన వైపుకి దగ్గర: రోజువారీ పాలన సిటీ మేనేజర్‌ది, డాలస్ కౌన్సిల్లో మేయర్‌ది 15లో ఒక ఓటు. ఒక తేడా ఉంది, ఆ మేనేజర్‌ని పెట్టేదీ తీసేదీ కౌన్సిలే, ప్రభుత్వం కాదు.

మన 98 వార్డుల కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియోగా ఎమ్మెల్యేలూ ఎంపీలూ కలిసి చేతులెత్తి మేయర్‌ని ఎన్నుకుంటారు. దించేది కూడా వాళ్లే. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసానికి 111 మందిలో మూడింట రెండొంతులు కావాల్సి వస్తే సరిగ్గా 74 ఓట్లు పడ్డాయి. షికాగో కౌన్సిల్ సభ్యులు 50 మందీ ఏకమైనా అవిశ్వాసం పెట్టి మేయర్‌ని దించలేరు. అందుకే అక్కడ క్యాంపు రాజకీయం అనే మాట వినపడదు, రిసార్టు వాళ్లకి అంత మేర నష్టం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకున్న కాలం కూడా ఉంది. 2002 హైదరాబాద్ ఎన్నిక అలాంటిదే.

గాజువాక_కుర్రోడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా. ఇక్కణ్నుంచిగానీ, హెచ్1బీ మీద అక్కడున్నవాళ్లుగానీ మేయర్ అభ్యర్థికి చందా ఇవ్వొచ్చా?

వార్డు_మెంబరు:
వద్దు తమ్ముడూ. విదేశీయులు అమెరికాలో ఏ స్థాయి ఎన్నికకీ, నగర ఎన్నిక అయినా సరే, డబ్బు ఇవ్వకూడదని సమాఖ్య చట్టం. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు అందులోకే వస్తారు. గ్రీన్‌కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం పౌరసత్వం వచ్చాకే. ఇక్కడున్న అమ్మానాన్నలు అక్కడి కొడుకు పేరుతో పంపించడం ఇంకా పెద్ద తప్పు, ఒకరి డబ్బు ఇంకొకరి పేరున ఇవ్వడం అవుతుంది. జీతం తీసుకోకుండా కరపత్రాలు పంచడం, ఫోన్లు చెయ్యడం అయితే పరవాలేదు. షికాగోలో సంతకాల షీటు తిప్పడం మాత్రం వద్దు, అది పౌరులే చెయ్యాలి. మరొకరు తిప్పితే ఆ షీటు కొట్టేస్తారు, అభ్యర్థికే నష్టం.

డబ్బు నిబంధన మీ నమూనాలో పెట్టాలనుకుంటే న్యూయార్క్‌ది బాగుంటుంది మాస్టారూ. నగరవాసి ఇచ్చే మొదటి 250 డాలర్లకి డాలరుకి ఎనిమిది చొప్పున నగరం కలుపుతుంది, అంటే 2,000. క్లాసులో ఉత్తుత్తి నోట్లతో చెయ్యొచ్చు: ఒక్కో ఓటరుకి పది నోట్లు ఇచ్చి, చిన్న చందాలకి ఎనిమిదింతలు కలపండి. పోస్టర్ స్థలం నోట్లకి అమ్మండి. షికాగోలో అయితే అభ్యర్థి సొంత డబ్బు లక్ష డాలర్లు దాటితే ఆ పోటీలో అందరికీ చందా పరిమితి ఎత్తేస్తారు. కొందరు ఆ గీత దాటేది పరిమితి ఎత్తించడానికే.

లెక్కింపు_టేబుల్:
ఒక హెచ్చరిక రాయడం మరిచాను. మూడు లెక్కలూ ఒకే కాగితాలతో చేస్తున్నాం గనక షికాగో లెక్క పూర్తిగా షికాగో కాదు. అక్కడ రెండు విడతల మధ్య అయిదు వారాలు, ఓడినవాళ్ల మద్దతు కోసం బేరాలు, కొత్త ప్రకటనలు. 2023లో మొదటి విడతలో పాల్ వాలస్ 33 శాతం, బ్రాండన్ జాన్సన్ 22 లోపు. రెండో విడతలో గెలిచింది జాన్సన్. కాబట్టి వీలైతే రెండు పీరియడ్లనీ ఒకే రోజు వాడకండి. మొదటి పీరియడ్‌లో ప్రాధాన్య ఓటు, రెండు రోజుల తర్వాత పడవకీ గొడుగుకీ మధ్య విడిగా ఒక ఓటు. కాగితాల మీద వచ్చిన 87–82, పిల్లలు మళ్లీ వేసిన ఓటు పక్కపక్కన రాయండి.

లెక్కింపుకి ఆరుగురు చాలు: ఇద్దరు కాగితం చదవడానికి, ఇద్దరు ట్రేల దగ్గర, ఒకరు బోర్డు మీద, ఒకరు ప్రతి రౌండుకీ 180 సరిపోయిందో లేదో చూడటానికి. ఆ ఆరోవాడికి కూడిక తప్ప ఇంకే పనీ అప్పగించకండి. అభ్యర్థుల ఏజెంట్లు చూడొచ్చు, ముట్టుకోకూడదు. అడుగున ఇద్దరికి సమానంగా వస్తే ఏం చెయ్యాలో పోలింగ్‌కి ముందే రాసి పెట్టండి. నా సలహా, మొదటి ప్రాధాన్యాలు తక్కువ ఉన్నవాణ్ని తీసెయ్యండి, అవీ సమానమైతే చీటీ.